హ్యుమానిటీస్ మేజర్ ఆపేస్తున్నామని మెయిల్ వస్తే: విద్యార్థి చేయాల్సినవి, డిపార్ట్‌మెంట్ చూపాల్సిన లెక్కలు

అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న అమ్మాయి గురించి వాళ్ల తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఇది. అమ్మాయిది హిస్టరీ మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు), స్పానిష్ రెండో మేజర్. నాలుగో సెమిస్టర్ నడుస్తుండగా, విద్యార్థులు తక్కువగా ఉన్నందున ఆ రెండు ప్రోగ్రాములూ ఆపేస్తున్నామని మెయిల్ వచ్చింది. డిగ్రీ పూర్తవుతుందా? ఇప్పుడే వేరే యూనివర్సిటీకి మార్చేయాలా? అసలు పిల్లలే చేరనప్పుడు మూసేయడంలో తప్పేముంది?

మొదటి రెండింటికి సూటిగానే చెప్పొచ్చు. అమ్మాయి ఈ సెమిస్టర్‌లోనే కొన్ని కాగితాలు రాబట్టుకుంటే డిగ్రీ పూర్తవుతుంది. ఇప్పుడే మార్చొద్దు. మూడో ప్రశ్నకు మాత్రం లెక్కలు విప్పి చూపించాలి, అది తర్వాత చెప్తాను.

ముందు ఆ మెయిల్‌లో ఆపుతున్నది దేన్నో చూడండి. కొత్తవాళ్లను చేర్చుకోవడం మాత్రమే ఆపి, ఉన్నవాళ్లకు చివరిదాకా పాఠాలు చెప్పడం ఒక రకం. మేజర్‌ని తీసేసి, మైనర్‌నీ (తక్కువ కోర్సులతో చేసే ఉప సబ్జెక్టు) కోర్సులనీ ఉంచడం ఇంకో రకం. హిస్టరీ, ఫిలాసఫీ, రెలిజియస్ స్టడీస్ లాంటి రెండు మూడు మేజర్లను ఒకే పేరు కిందికి తేవడం మరో రకం. డిపార్ట్‌మెంట్‌నే రద్దు చేసి ప్రొఫెసర్లను పంపేయడం అన్నిటికంటే కష్టమైనది. 2023 సెప్టెంబర్‌లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 4.5 కోట్ల డాలర్ల లోటు చూపించి 28 మేజర్లు, 143 అధ్యాపక పోస్టులు తీసేసినప్పుడు భాషల డిపార్ట్‌మెంట్‌కు జరిగింది ఈ నాలుగో రకమే. 2025 జూన్ చివర్లో ఇండియానాలో ప్రభుత్వ యూనివర్సిటీలు 400కి పైగా ప్రోగ్రాముల మీద నిర్ణయం ప్రకటించినప్పుడు వాటిలో చాలావాటికి రాసింది రద్దు కాదు, విలీనం లేదా తాత్కాలిక నిలుపుదల. వార్తల్లో మాత్రం అన్నీ కలిపి ఒకే అంకెగా వస్తాయి. మీ అమ్మాయికి వచ్చిన మెయిల్‌లో కొత్తవాళ్లను చేర్చుకునే చివరి సెమిస్టర్ ఏదో, ఉన్నవాళ్లు పూర్తి చేయాల్సిన చివరి సెమిస్టర్ ఏదో రెండు తేదీలూ ఉన్నాయా చూడండి. లేకపోతే రిజిస్ట్రార్‌కి మెయిల్ పెట్టి అడగాలి. ఫోన్‌లో చెప్పిన తేదీ లెక్కలోకి రాదు.

ప్రకటన తర్వాత చాలా యూనివర్సిటీలు ఒక రోజు నిర్ణయించి, ఆ రోజు తర్వాత ఆ మేజర్‌ని ఎవరూ ఎంచుకోకుండా కంప్యూటర్‌లో మూసేస్తాయి. అందుకని అమ్మాయి రెండు మేజర్లూ రికార్డులో అధికారికంగా ఎక్కాయో లేదో ఈ వారమే చూసుకోవాలి. "స్పానిష్ కూడా చేస్తున్నాను" అని అడ్వైజర్‌కి చెప్పి, ఫారం ఇవ్వకుండా ఉండిపోయినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కోర్సులన్నీ చదివి ఉన్నా, మూసిన మేజర్‌ని కొత్తగా ఎక్కించమంటే రిజిస్ట్రార్ ఒప్పుకోడు. ఇంకా మేజర్ నిర్ణయించుకోని స్నేహితులకు ఈ సబ్జెక్టుల మీద మనసుంటే వాళ్లకీ ఇదే చెప్పండి. తర్వాత మార్చుకోవచ్చు, తర్వాత చేరలేరు.

రెండోది కేటలాగ్, అంటే కోర్సులూ డిగ్రీ నియమాలూ ఉండే యూనివర్సిటీ పుస్తకం. విద్యార్థి చేరిన ఏడాది కేటలాగ్‌లో ఏ నియమాలు ఉన్నాయో సాధారణంగా వాటి ప్రకారమే డిగ్రీ ఇవ్వాలి. ఆ ఏడాది కేటలాగ్‌లో రెండు మేజర్ల పేజీలనూ పీడీఎఫ్‌గా దాచుకోండి. ఆన్‌లైన్ పేజీలు మారిపోతుంటాయి. డిగ్రీ ఆడిట్‌ని (ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే నివేదిక) కూడా ఈరోజు తేదీతో దించుకోవాలి. మూసివేత సమయంలో కోర్సు కోడ్‌లు మారతాయి, డిపార్ట్‌మెంట్ పేరు మారుతుంది, అప్పుడు ఆడిట్‌లో పూర్తయినట్టున్న గడి ఉన్నట్టుండి ఖాళీగా కనబడుతుంది. పాత కాపీ చేతిలో ఉంటే పది నిమిషాల్లో సరిచేస్తారు. లేకపోతే చివరి సెమిస్టర్‌లో పిటిషన్లు రాస్తూ కూర్చోవాలి.

ఆ తర్వాత మిగిలిన కోర్సులన్నిటినీ సెమిస్టర్ల వారీగా ఒక కాగితం మీద పెట్టి డిపార్ట్‌మెంట్ చైర్ చేత, డీన్ ఆఫీసు చేత సంతకం చేయించుకోవాలి. టీచ్-అవుట్ ప్రణాళికలో (మూసే ప్రోగ్రాంలో ఉన్నవాళ్ల చేత డిగ్రీ పూర్తి చేయించే ఏర్పాటు) మీ అమ్మాయి భాగం ఇదే. ప్రోగ్రాం మూసేటప్పుడు అందులో ఉన్న విద్యార్థులను ఎలా పూర్తి చేయిస్తారో అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థకు యూనివర్సిటీ చెప్పాల్సి ఉంటుంది. ఒహాయో, ఇండియానా, వెస్ట్ వర్జీనియా వైపు అది ఎక్కువగా హయ్యర్ లెర్నింగ్ కమిషన్, దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువగా సదరన్ అసోసియేషన్ కమిషన్. "మా ప్రోగ్రాంకి పంపిన టీచ్-అవుట్ ప్రణాళిక కాపీ ఇవ్వండి" అని మర్యాదగా ఒక్క వాక్యం రాస్తే చాలు, అవతలివాళ్లు జాగ్రత్తగా జవాబు ఇస్తారు.

ప్రణాళిక వేసేటప్పుడు తేలిక కోర్సులు కాదు, అరుదుగా వచ్చేవి ముందు పెట్టాలి. హిస్టరీలో అవి రెండు: పరిశోధన పద్ధతుల కోర్సు, చివరి ఏడాది సెమినార్. చిన్న డిపార్ట్‌మెంట్లలో ఇవి ఏడాదికి ఒక్కసారే వస్తాయి, ఒకటి పూర్తి చేస్తేగానీ రెండోది తీసుకోనివ్వరు. కాబట్టి పద్ధతుల కోర్సు వచ్చే సెమిస్టర్‌లోనే తీసుకోవాలి. స్పానిష్‌లో చిక్కు వేరు. 300, 400 స్థాయి కోర్సులకు పది మంది కూడా చేరకపోతే రద్దు చేసే నిబంధన చాలాచోట్ల ఉంది. కొత్తవాళ్లు రావడం ఆగితే ఆ సంఖ్య ప్రతి సెమిస్టర్ ఇంకా పడిపోతుంది. టీచ్-అవుట్‌లో ఉన్న ప్రోగ్రాంకి ఈ కనీస సంఖ్య వర్తించదని రాతపూర్వకంగా తీసుకోవాలి. అది ఇవ్వకపోతే బదులుగా ఏమిస్తారో రాయించుకోవాలి: స్వతంత్ర అధ్యయనమా, వేరే క్యాంపస్ నుంచి ఆన్‌లైన్ కోర్సా, దగ్గరి సబ్జెక్టులోని కోర్సుతో సర్దుబాటా.

ప్రకటన వచ్చాక అన్నిటికంటే ఎక్కువగా బెడిసికొట్టేది మనుషుల వల్ల. మూసివేత రెండేళ్ల తర్వాతే అయినా, మంచి ప్రొఫెసర్లు మొదటి వేసవిలోనే వేరే ఉద్యోగం చూసుకుంటారు, పదవీ విరమణకు దగ్గరగా ఉన్నవాళ్లు ప్యాకేజీ తీసుకుంటారు. యూనివర్సిటీ వేసిన షెడ్యూల్ కాగితం మీద బాగానే ఉంటుంది గానీ, చెప్పేవాళ్లు ఉండరు. అందుకే సిఫారసు లేఖలు ఇప్పుడే అడగాలి. లా స్కూల్‌కో గ్రాడ్యుయేట్ స్కూల్‌కో వెళ్లే ఆలోచన ఉంటే, బాగా తెలిసిన ప్రొఫెసర్ వ్యక్తిగత మెయిల్ కూడా దగ్గర పెట్టుకోవాలి. రాసిన వ్యాసాలు, వాటి మీద వాళ్లు చేసిన వ్యాఖ్యలు దాచుకోవాలి. మూడేళ్ల తర్వాత లేఖ అడిగితే వాళ్లకు గుర్తు చేయడానికి అవే కావాలి.

ఒక సెమిస్టర్ సెలవు తీసుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోమనండి. కొన్ని యూనివర్సిటీల్లో వరుసగా రెండు సెమిస్టర్లు చేరకపోతే తిరిగి వచ్చినప్పుడు కొత్త కేటలాగ్ కిందికి వెళ్తారు, అందులో ఆ మేజరే ఉండదు. విదేశంలో ఒక సెమిస్టర్ చదవడం మంచి ఉపాయమే. స్పెయిన్‌లోనో మెక్సికోలోనో ఒక సెమిస్టర్‌లో నాలుగు పై స్థాయి స్పానిష్ కోర్సులు అయిపోతాయి. కానీ మేజర్‌లో ఇన్ని క్రెడిట్లు ఇక్కడే చదవాలన్న నిబంధన ఉంటుంది. వెళ్లేముందే ఏ కోర్సుకు ఏది సమానమో సంతకంతో తీసుకోవాలి.

ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకుంటుంటే ఇంకో లెక్క ఉంది. డిగ్రీకి లెక్కలోకి వచ్చే కోర్సులకే సాయం వర్తిస్తుంది, మొత్తం ప్రయత్నించిన క్రెడిట్లు డిగ్రీకి కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 120 క్రెడిట్ల డిగ్రీకి అది 180. పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) మొత్తం మీద 12 సెమిస్టర్లకే. నాలుగో సెమిస్టర్‌లో మేజర్ మార్చి మళ్లీ మొదలుపెడితే ఈ హద్దులు అనుకున్నదానికంటే త్వరగా వచ్చేస్తాయి. మేజర్‌కి ముడిపెట్టిన స్కాలర్‌షిప్ ఉంటే, ప్రోగ్రాం మూసినా చివరిదాకా ఇస్తారా అని విడిగా అడగాలి.

ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లకు రెండు జాగ్రత్తలు. సెమిస్టర్‌కి పూర్తి లోడ్ అంటే అండర్‌గ్రాడ్యుయేట్‌కి 12 క్రెడిట్లు. అందులో పూర్తిగా ఆన్‌లైన్‌గా జరిగే కోర్సు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లే, లెక్కకు వస్తుంది. టీచ్-అవుట్‌లో "మిగతావి వేరే క్యాంపస్ నుంచి ఆన్‌లైన్‌లో తీసుకో" అని అడ్వైజర్ చెప్తే, అది మామూలు విద్యార్థికి సరిపోతుంది, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు స్టేటస్ ప్రమాదం. మేజర్ మారినా, ప్రోగ్రాం విలీనమై పేరు మారినా, ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) సరిచేయించాలి. గడువు పెంచాల్సి వస్తే ఐ-20 మీద ఉన్న చివరి తేదీకి ముందే అడగాలి. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్లకు ఈ నిబంధనలు తెలియవు. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులోనే అడగాలి.

ఇక యూనివర్సిటీ మారడం గురించి. నాలుగు సెమిస్టర్లు అయ్యాక మారితే, అక్కడ కనీసం 30 క్రెడిట్లు చదవాలన్న నిబంధన ఒక్కటే కాదు, మేజర్‌లో చదివిన పై స్థాయి కోర్సులు చాలావరకు "ఎలక్టివ్" కింద పడేస్తారు. ఒక సెమిస్టర్ ఫీజు పోతుంది, ఒక్కోసారి ఏడాది. మారడం సబబైన సందర్భాలు ఉన్నాయి: ఇంకా మొదటి ఏడాదిలోనే ఉంటే, ఉన్న ఊళ్లోనే ఇంకో క్యాంపస్ ఉంటే, లేదా టీచ్-అవుట్ ప్రణాళిక రాతలో ఇవ్వడానికి యూనివర్సిటీ తప్పించుకుంటూ ఉంటే. మూసివేత వల్ల ఇంకొక యూనివర్సిటీతో క్రెడిట్ ఒప్పందం కుదిరిందా అన్నది కూడా అడగండి. కుదిరితే నష్టం బాగా తగ్గుతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న. పిల్లలు తక్కువైతే మూసేయడం సబబే కదా?

తగ్గడం నిజం. దాన్ని దాచిపెట్టి వాదించేవాళ్లు డిపార్ట్‌మెంట్లకు మేలు చేయరు. అమెరికాలో ఇంగ్లిష్ బ్యాచిలర్ డిగ్రీలు 2012కీ 2021కీ మధ్య దాదాపు మూడో వంతు తగ్గాయి, హిస్టరీలోనూ అంతే. 2016 నుంచి 2021 మధ్య ఇంగ్లిష్ కాని భాషల కోర్సుల్లో చేరికలు 16.6 శాతం పడ్డాయి, ఆ కాలంలోనే కొరియన్ మాత్రం బాగా పెరిగింది. దీనికితోడు అన్ని సబ్జెక్టులకూ తగిలే దెబ్బ ఇంకొకటి: అమెరికాలో జననాలు 2007లో గరిష్ఠానికి చేరి, ఆర్థిక సంక్షోభం తర్వాత తగ్గుతూ వచ్చాయి. ఆ పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వచ్చారు.

కానీ "తక్కువ" అని తేల్చే గీత ఎక్కడ గీశారో చూడండి. ఇండియానా 2025 బడ్జెట్ చట్టంలో బ్యాచిలర్ డిగ్రీకి మూడేళ్ల సగటు 15 మంది పట్టభద్రులు, మాస్టర్స్‌కి 7, డాక్టరేట్‌కి 3 ఉండాలని పెట్టారు. లేకపోతే రాష్ట్ర ఉన్నత విద్యా కమిషన్ అనుమతి కావాలి. ఒహాయోలో అదే ఏడాది వచ్చిన సెనేట్ బిల్ 1 ప్రకారం మూడేళ్ల సగటు 5 డిగ్రీల కంటే తక్కువైతే అండర్‌గ్రాడ్యుయేట్ ప్రోగ్రాం తీసేయాలి, రాష్ట్ర ఉన్నత విద్యా ఛాన్సలర్ దగ్గర మినహాయింపు అడగొచ్చు. టోలెడో యూనివర్సిటీ ఆ చట్టం చూపించే ఫిలాసఫీ, స్పానిష్, రెలిజియస్ స్టడీస్‌తో కలిపి 9 ప్రోగ్రాముల్లో చేరికలు ఆపింది. ఒకే పరిమాణంలో ఉన్న ప్రోగ్రాం ఒహాయోలో బతుకుతుంది, పక్క రాష్ట్రం ఇండియానాలో అనుమతి కోసం నిలబడాలి. చదువులో తేడా ఏమీ లేదు.

ఆ సగటు ఎలా కడతారో చూస్తే ఇంకా విషయం తెలుస్తుంది. ఒక హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో మూడేళ్లలో 19, 14, 11 మంది పట్టా పొందారనుకోండి. మొత్తం 44, సగటు 14.67. ఇండియానా గీత దాటడానికి ఒక్కరు తక్కువ. ఇప్పుడు ఆ మూడేళ్లలో హిస్టరీని రెండో మేజర్‌గా చేసినవాళ్లు ఎంతమంది? చాలా నివేదికల్లో రెండో మేజర్ లెక్కకే రాదు. మీ అమ్మాయి స్పానిష్ విషయంలో అదే జరిగి ఉండొచ్చు. భాషల్లో రెండో మేజర్ చేసేవాళ్లే ఎక్కువ, నర్సింగ్‌తో, బిజినెస్‌తో కలిపి చేస్తారు. మొదటి మేజర్లను మాత్రమే లెక్కపెట్టే పద్ధతి వాడితే స్పానిష్ తరగతి గది నిండా పిల్లలున్నా నివేదికలో ఇద్దరే కనబడతారు.

ఇంకొకటి, హైస్కూల్ సోషల్ టీచర్ కావాలనుకునేవాళ్లు. వాళ్లు చదివేది సగానికి పైగా హిస్టరీ కోర్సులే, కానీ డిగ్రీ ఎడ్యుకేషన్ కాలేజీ పేరు మీద పోతుంది. ఇంగ్లిష్ టీచర్లదీ ఇదే కథ. ప్రతి డిగ్రీకీ ఫెడరల్ సీఐపీ కోడ్ (సబ్జెక్టుల వర్గీకరణ సంఖ్య) ఒకటి ఉంటుంది: ఇంగ్లిష్ 23, హిస్టరీ 54, ఫిలాసఫీ, రెలిజియన్ 38, భాషలు 16తో మొదలవుతాయి. పట్టభద్రుల్ని ఈ కోడ్ ప్రకారమే లెక్కపెడతారు. స్పానిష్‌కి ఒకటి, ఫ్రెంచ్‌కి ఒకటి, జర్మన్‌కి ఒకటి విడివిడి డిగ్రీలుగా పెట్టుకున్న డిపార్ట్‌మెంట్‌లో ఏడాదికి 4, 2, 2 వస్తే మూడూ ఒహాయో గీత కింద పడతాయి. మూడింటినీ ఒకే డిగ్రీ కింద శాఖలుగా పెడితే 8, ప్రోగ్రాం నిలబడుతుంది. పాఠాలు అవే, ప్రొఫెసర్లు వాళ్లే. గౌరవం కోసం విడి డిగ్రీలు పట్టుకుని కూర్చున్న డిపార్ట్‌మెంట్లు ఈ చట్టాలు వచ్చాక చాలా నష్టపోయాయి.

డబ్బు సంగతికి వద్దాం, అసలు చర్చ ఇక్కడే. మేజర్‌లో ఎంతమంది ఉన్నారన్నది ఒక అంకె. ఆ డిపార్ట్‌మెంట్ ఎన్ని క్రెడిట్ అవర్లు (కోర్సులో విద్యార్థుల సంఖ్యను కోర్సు క్రెడిట్లతో గుణిస్తే వచ్చేది) బోధిస్తోందన్నది వేరే అంకె. ఫీజు వచ్చేది రెండోదాని మీద. ఊహా సంఖ్యలతో ఒక ఉదాహరణ వేస్తాను, మీ యూనివర్సిటీ అంకెలు పెట్టి మళ్లీ కట్టుకోండి.

హిస్టరీ లెక్చరర్ ఒకరు ఏడాదికి 8 సెక్షన్లు చెప్తారు. అందులో 6 అందరికీ తప్పనిసరైన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు, ఒక్కోదానిలో 32 మంది, 3 క్రెడిట్లు: 576 క్రెడిట్ అవర్లు. మిగతా 2 మేజర్ల కోసం, 9 మంది చొప్పున: 54. మొత్తం 630. డిస్కౌంట్లు పోగా క్రెడిట్‌కి 250 డాలర్లు వస్తే 1,57,500 డాలర్లు. జీతం 68,000, దాని మీద 30 శాతం ప్రయోజనాలు కలిపితే ఖర్చు 88,400. మూసేయాలనే చర్చలో వేలెత్తి చూపేది ఆ 9 మంది ఉన్న రెండు సెక్షన్లను. వాటిని తీసేస్తే ఆ లెక్చరర్ సమయంలో నాలుగో వంతు, 22,100 డాలర్లు మిగిలినట్టు కాగితం మీద కనబడుతుంది. నిజంగా మిగలాలంటే ఎవరినో ఒకరిని ఉద్యోగం నుంచి తీసేయాలి. మనిషి ఉంటే ఖర్చూ ఉంటుంది. ఇటు నుంచి చూస్తే, పూర్తి లోడ్‌తో చదివే ఒక్క విద్యార్థి ఏడాదికి 30 క్రెడిట్లకు 7,500 డాలర్లు కడుతున్నాడు. ఈ మేజర్ లేదని ముగ్గురు వేరే చోటికి పోతే 22,500. మిగుల్చుకున్నది అంతకంటే తక్కువ.

ఈ లెక్క అన్నిచోట్లా డిపార్ట్‌మెంట్‌కే అనుకూలంగా వస్తుందని చెప్పను. ఆరుగురు శాశ్వత ప్రొఫెసర్లు ఉండి, జనరల్ ఎడ్యుకేషన్‌లో పిల్లలు రాక, ప్రతి సెక్షన్‌లో 7, 8 మందితో నడుస్తుంటే లోటు నిజమే. కానీ సాధారణంగా ఇంజనీరింగ్, నర్సింగ్ లాంటి సబ్జెక్టుల్లో ఒక క్రెడిట్ అవర్ బోధించడానికి అయ్యే ఖర్చు హిస్టరీ, ఇంగ్లిష్‌లలో అయ్యేదానికంటే బాగా ఎక్కువ. ల్యాబులు, క్లినికల్ పర్యవేక్షణ, మార్కెట్ జీతాలు దానికి కారణం. సబ్జెక్టుల వారీగా బోధన ఖర్చు పోల్చడానికి యూనివర్సిటీలు చాలా ఏళ్లు వాడిన డెలావేర్ అధ్యయనం చూపించేది ఇదే. చౌకగా నడిచేదాన్ని మూస్తే ఆదా చిన్నదే అవుతుంది.

విస్కాన్సిన్-స్టీవెన్స్ పాయింట్ యూనివర్సిటీ ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. రెండేళ్లలో 45 లక్షల డాలర్ల లోటు పూడ్చాలని 2018 మార్చిలో ఇంగ్లిష్, హిస్టరీ, ఫిలాసఫీ, భాషలతో కలిపి 13 మేజర్లు తీసేసే ప్రతిపాదన పెట్టారు. దేశమంతా వార్త అయ్యింది. ఆ ఏడాది చివరికి ఆ జాబితా ఆరుకు తగ్గింది, 2019 ఏప్రిల్‌లో ఒక్క మేజర్ కూడా తీసేయడం లేదని ప్రకటించారు. ఆ మధ్యలో పదవీ విరమణలు, రాజీనామాలతో జీతాల ఖర్చు తగ్గింది. అంటే డబ్బు మిగిల్చింది ఖాళీ అయిన పోస్టులే. కానీ ఆ ఏడాది పాటు ఆ సబ్జెక్టుల్లో చేరాలనుకున్న పిల్లలు ఏమనుకుని ఉంటారో ఆలోచించండి. మూసేస్తామన్న ప్రకటనే చేరికలను తగ్గిస్తుంది, తగ్గిన చేరికలు మళ్లీ ప్రకటనకు సాక్ష్యం అవుతాయి.

అయితే చేరికలు ఎందుకు తగ్గాయి? "ఉద్యోగాలు రావు కాబట్టి" అన్నది సగం జవాబు. 2008 తర్వాత తల్లిదండ్రుల భయం నిజమే, దాని ప్రభావం పెద్దదే. అంతగా మాట్లాడుకోని కారణం ఇంకొకటి ఉంది. హిస్టరీ మేజర్ చేసేవాళ్లు చాలామంది హైస్కూల్ నుంచే నిర్ణయించుకుని రారు. మొదటి ఏడాది తప్పనిసరి కోర్సులో ఒక మంచి టీచర్ తగిలి, అక్కడి నుంచి వస్తారు. ఇప్పుడు ఆ కోర్సు హైస్కూల్లోనే అయిపోతోంది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చే) పరీక్షల్లో ఎక్కువమంది రాసేవాటిలో ఇంగ్లిష్, అమెరికా చరిత్ర ఉంటాయి. వాటికితోడు 2022-23లో దాదాపు 25 లక్షల మంది హైస్కూల్ విద్యార్థులు కాలేజీ కోర్సులు ముందే తీసుకున్నారు, అందులోనూ కాంపోజిషన్, హిస్టరీ ముందుంటాయి. ఫీజు కలిసొస్తుందని కుటుంబాలు సంతోషిస్తాయి, అది సహజమే. కానీ ఆ పిల్లలు యూనివర్సిటీకి వచ్చాక హిస్టరీ డిపార్ట్‌మెంట్ గుమ్మం ఒక్కసారి కూడా తొక్కరు. దీనికి తోడు, ప్రతి కాలేజీ తన ఫీజు తనే ఉంచుకునే బడ్జెట్ పద్ధతి ఉన్నచోట, ఇంజనీరింగ్ కాలేజీ తన విద్యార్థులకు రాత కోర్సు తనే పెట్టుకుంటుంది, బిజినెస్ కాలేజీ ఎథిక్స్ తనే చెప్పుకుంటుంది. ఫిలాసఫీకి రావాల్సిన క్రెడిట్ అవర్లు అలా ఒక్కొక్కటిగా జారిపోతాయి. విద్యార్థి ఆసక్తి పోయిందని చెప్పేముందు, ఆ విద్యార్థి అసలు ఆ తరగతి గదిలోకి వచ్చాడా అన్నది చూడాలి.

ఈ సమాధానం చదువుతున్న అధ్యాపకులు ఎవరైనా ఉంటే, మీ డిపార్ట్‌మెంట్ పేరు జాబితాలోకి రాకముందే చేయాల్సిన పని ఉంది. ఐదేళ్ల క్రెడిట్ అవర్లు, రెండో మేజర్లు, మైనర్లు, టీచర్ లైసెన్సు కోసం మీ కోర్సులు చదివినవాళ్లు, సెక్షన్‌కి సగటు విద్యార్థులు: ఇవన్నీ ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ ఆఫీసు (యూనివర్సిటీ గణాంకాలు చూసేది) నుంచి ఇప్పుడే అడిగి తీసుకోండి. జాబితా వచ్చాక అప్పీలుకు ఇచ్చే గడువు వారాల్లో ఉంటుంది. ఆ గడువులో డేటా రాబట్టడం దాదాపు అసాధ్యం. అప్పీలు రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేజీలో డబ్బు లెక్క, రెండో పేజీలో మీరు మార్చబోయేది, తేదీలతో. హ్యుమానిటీస్ విలువ గురించి మీరు రాసే పేరాలు నిజమే, నేనూ వాటిని నమ్ముతాను, కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు అవి వందసార్లు చదివారు. మాజీ విద్యార్థుల ఉత్తరాలు కూడా ప్రొవోస్ట్‌కి (యూనివర్సిటీలో విద్యా వ్యవహారాల అధిపతి) కాకుండా బోర్డు సభ్యులకు వెళ్తేనే పని చేస్తాయి.

మార్పుల్లో ఫలితం ఇచ్చేవి ఏవంటే, మొదటి ఏడాది కోర్సులోకి మళ్లీ పిల్లల్ని తెచ్చేవి. పర్డ్యూ యూనివర్సిటీ కార్నర్‌స్టోన్ పేరుతో 15 క్రెడిట్ల సర్టిఫికెట్ పెట్టి, ఇంజనీరింగ్, టెక్నాలజీ విద్యార్థులకు ఎలాగూ కావాల్సిన రాత, ప్రసంగం కోర్సులను గొప్ప గ్రంథాల పఠనంతో కలిపింది. ఏటా వేల మంది ఆ గదుల్లోకి వస్తున్నారు. ఇలినాయ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌ని భాషాశాస్త్రం, ఫిలాసఫీ లాంటివాటితో జోడించిన డిగ్రీలు ఉన్నాయి. మీ మేజర్‌ని 45 క్రెడిట్ల నుంచి 33కి తగ్గించి, వరుసక్రమం నిబంధనలు సడలిస్తే నర్సింగ్ విద్యార్థి కూడా రెండో మేజర్‌గా చేయగలుగుతుంది. రెండో మేజర్‌ని లెక్కలోకి తీసుకోమని అడగడం దాంతోపాటే జరగాలి. కొత్త పేరు, కొత్త బ్రోషర్ పెట్టి కోర్సులు మార్చకపోతే మాత్రం ఏమీ జరగదు.

ఉద్యోగ భద్రత విషయంలో, అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ సిఫారసు చేసిన నియమాలు మీ ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్‌లో ఎంతవరకు ఉన్నాయో చూసుకోండి. చేరికల్లో తాత్కాలిక హెచ్చుతగ్గులు ప్రోగ్రాం మూసేందుకు విద్యాపరమైన కారణం కావని ఆ నియమాలు స్పష్టంగా చెప్తాయి, తొలగించేముందు ఇంకో డిపార్ట్‌మెంట్‌లో సర్దే ప్రయత్నం చేయాలంటాయి. అవి హ్యాండ్‌బుక్‌లో రాసి ఉంటేనే మీ చేతిలో ఆయుధం. రాసి లేకపోతే మంచి సలహా వరకే.

చివరిగా తల్లిదండ్రుల మనసులో ఉండి అడగని ప్రశ్న: ఇలాంటి మేజర్‌లో అమ్మాయిని ఉంచడం సరైనదేనా? న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ 2023 లెక్కల ప్రకారం కొత్త పట్టభద్రుల్లో నిరుద్యోగం కంప్యూటర్ సైన్స్‌లో 6.1 శాతం, ఫిలాసఫీలో 3.2 శాతం. ఈ అంకె చూసి సంబరపడొద్దు. అదే పట్టికలో, డిగ్రీ అక్కర్లేని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కంప్యూటర్ సైన్స్‌లో ఆరో వంతు అయితే హ్యుమానిటీస్ సబ్జెక్టుల్లో సగం దగ్గరగా ఉంటారు. అంటే ఉద్యోగం దొరుకుతుంది, మొదటి ఉద్యోగం చదువుకు తగ్గది కాకపోవచ్చు. దానికి మందు మేజర్ మార్చడం ఒక్కటే కాదు. స్పానిష్ బాగా వచ్చిన అమ్మాయి ఐదో సెమిస్టర్‌లో మెడికల్ ఇంటర్‌ప్రెటింగ్ శిక్షణో, స్టాటిస్టిక్స్‌లో రెండు కోర్సులో, ఆర్కైవ్‌లో జీతం ఉన్న ఇంటర్న్‌షిప్పో కలుపుకుంటే ఆ సగంలో పడే అవకాశం బాగా తగ్గుతుంది. టీచ్-అవుట్ ప్రణాళిక వేసేటప్పుడే, ప్రతి సెమిస్టర్‌లో ఒక ఖాళీ కోర్సు దానికోసం వదిలి పెట్టమనండి. రిజిస్ట్రార్‌కి ఈ వారం పంపాల్సిన మెయిల్‌లో అడగాల్సినవి నాలుగు: రెండు మేజర్లూ రికార్డులో ఉన్నట్టు ధ్రువీకరణ, వర్తించే కేటలాగ్ ఏడాది, పూర్తి చేయాల్సిన చివరి సెమిస్టర్, టీచ్-అవుట్ ప్రణాళిక కాపీ. పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌ని డీన్‌కీ విద్యార్థి అంబుడ్స్ ఆఫీసుకీ (ఫిర్యాదులు వినేది) కాపీ పెట్టి మళ్లీ పంపాలి. పంపాల్సింది అమ్మాయే. విద్యార్థి రికార్డుల చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా తల్లిదండ్రుల మెయిల్‌కి రిజిస్ట్రార్ సాధారణంగా వివరాలు చెప్పరు.